అద్దం మీద గుర్రం

కిల్లీబెగ్స్ రేవులో చేపల లారీలు వెళ్ళిపోయాక
గోడ చివర, గాలికి వీపు తిప్పి
బండి ఆపాను.
నవంబరు. మూడు డిగ్రీలు.
ఇక్కడ వాన పక్కనుంచి కురుస్తుంది.

అమ్మిన ముసలాయన కోర్మాక్ తాళాలిస్తూ
ఒక్క మాటే అన్నాడు:
"పైనుంచి చుక్క రాదు, ఆ పూచీ నాది.
తడి నీలోంచే పుడుతుంది, చూసుకో."

నవ్వేశాను.
మొదటి తెల్లవారుజామునే నవ్వు ఆరిపోయింది.
రాత్రంతా నేను విడిచిన ఊపిరి
పోవడానికి దారి లేక
చల్లటి అద్దాన్ని పట్టుకుని నీరైపోయింది.
రబ్బరు అంచు వెంట బొట్టు బొట్టుగా దిగి
పరుపు మూల నానబెట్టింది.
జ్వరం విడిచిన ఒంటిలా బండంతా చెమట.
గుడ్డతో ఒత్తి పిండితే
టీ కప్పు నిండింది.
ఒక మనిషి, ఒక రాత్రి, ఒక కప్పు.
ఇన్నేళ్ళుగా నా కప్పులన్నీ
ఏ ఇళ్ళ గోడలు తాగాయో!

అప్పుడు కనబడింది
వెనక కిటికీ మీద, ఆవిరి పొరలో
గుర్రం.
అయిదు కాళ్ళు. అయిదోది తోకేమో.
కింద వంకర అక్షరాలు: ఊనా.
ఏ పిల్లో వెన్న తిన్న వేలితో
ఎప్పుడో గీసిన గీత.
ఎండలో ఉండదు.
అద్దం చెమ్మగిల్లితేనే నడిచొస్తుంది.

పందొమ్మిదేళ్ళు ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసినదాన్ని,
తడితో పోట్లాట నాకు కొత్తా?
పక్క బండి ఉల్తాన్ వచ్చి
పైకప్పు కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచాడు.
"వేడంతా పోతుంది కదయ్యా!"
"పోనీ డెర్వ్లా. తడిసిన వేడిని
దాచుకుని ఏం చేస్తావు?"

గ్యాస్ మంట కూడా నీళ్ళు కక్కుతుందని
అతను చెప్పేదాకా తెలీదు.
గిన్నెకు మూత. మూతకు మళ్ళీ ఒక ఒట్టు.
తడి కోటు స్నానాల గదిలో, తలుపు బిగించి.
పరుపు కింద చెక్కపట్టీలు,
బట్టల అర వెనక అరచేయి దూరేంత ఖాళీ.
అక్కడే దొరికింది బూజు,
మిరియాల పొడి చల్లినట్టు, నల్లగా,
నేను రాకముందునుంచీ కాపురముంటోంది.
ముందద్దానికి దుప్పటి బయటనుంచే కప్పాలి.
లోపల కప్పితే
దాని చాటున అద్దం ఇంకా చల్లబడి
గుట్టుగా ఏడుస్తుంది.

జనవరికి తేమ ముల్లు
ఎనభై రెండు నుంచి యాభై అయిదుకు దిగింది.
కప్పు సగమైంది. సగం చెంచా అయింది.
ఒకరోజు పిండితే గుడ్డ
ఏమీ ఇవ్వలేదు.
ఉల్తాన్‌కి ఆ పొడి గుడ్డ చూపించి
కప్పు గెలిచినదానిలా ఊపాను.

ఆ రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు,
గుర్రం రాలేదని.

కోర్మాక్‌కి ఫోను చేశాను.
ఊనా మీ మనవరాలా?
అవతల చాలాసేపు గాలి చప్పుడు.
"ఎవరో నాకూ తెలీదమ్మా.
నేను కొన్నప్పటికే ఉంది.
ఆ ఒక్క కిటికీకి
పదకొండేళ్ళు సబ్బు తగలనివ్వలేదు."

ఫిబ్రవరిలో, అమావాస్య దాటిన మర్నాడు,
నా రూల్సన్నీ నేనే తప్పాను.
పైకప్పు మూశాను.
మూత లేని కెటిల్‌ని మరగనిచ్చాను,
పది నిమిషాలు, గడియారం చూసుకుంటూ, దొంగలా.

ముందు డెక్కలు. తర్వాత మెడ.
చివరికి ఆ అయిదో కాలు.
ఈసారి దగ్గరగా చూశాను:
తోక కాదు, కాలే.
పిల్ల లెక్క తప్పింది, అంతే.

పొయ్యి కట్టేసి పైకప్పు తెరిచాను,
రెండు వేళ్ళ మందం.
చల్లగాలి దిగింది.
గుర్రం వెన్ను నుంచి ఆరుతూ వచ్చింది.
గుడ్డ తీసుకుని
రబ్బరు అంచు వెంట తుడిచాను,
నాలుగు పక్కలా.
మధ్యలోకి వెళ్ళలేదు.